రంగు రాని నీళ్ళు

ఈతకొలనులోంచి ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే చాలు, నిన్న అందులో ఈదినవాళ్ళలో ఎవరు భార్యతో పోట్లాడి వచ్చారో నీళ్ళ డాక్టరు చెప్పేసేవాడు. సరే, పోట్లాట దాకా కాదు. నాలుక మీద వేసుకోవడం కూడా కాస్త అతికించిన మాటే. గట్టు మీద నిలబడి గట్టిగా ఒకసారి గాలి పీల్చి, నీళ్ళలో మందు తగ్గిందో, జనం ఒళ్ళు కడుక్కోకుండా దిగారో చెప్పేవాడన్నది మాత్రం నిజం. అందుకే క్లబ్బులో అతనికి ఆ పేరు వచ్చింది. నేర్చుకున్న చదువు పంపులు బాగుచెయ్యడం ఒక్కటే.

మహా భయస్థుడు. ఇంటికి తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసి, మళ్ళీ సగం దూరం పోయాక "లాగినప్పుడు ఊడలేదు కదా" అని ఆగిపోయే రకం. భార్య ఇంట్లో కుట్టుపని చేసేది. "మీకొక కాపలావాడు కావాలండీ. వాణ్ణి కాయడానికి మళ్ళీ మీరే కావాలి" అనేది.

అలాంటి మనిషి ఒకసారి సెలవు పెట్టాడు. మరదలు ఇల్లు మారుతుంటే సామాను మోయడానికి వెళ్ళాడు. అతను లేని ఆ రోజుల్లో వానా ఎండా కలిసి ఉక్కపోసింది. పంపు మోటారు ఆగిపోతే చూసిన నాథుడు లేడు. ఎండా ఉక్కా ఉండి నీళ్ళు కదలకపోతే పాచిని పిలిచి పీట వేసినట్టే. తిరిగొచ్చేసరికి కొలను ఆకుకూర కడిగిన నీళ్ళలా ఉంది. మెట్టు మీద కాలు పెడితే జర్రున జారింది.

ఆ ఆదివారమే పిల్లల ఈత పోటీ. మేనేజరు గట్టు మీదకు వచ్చి నీళ్ళను చూశాడు, డాక్టరును చూశాడు.

"శనివారానికల్లా అడుగున పలకలు కనబడాలి. లేదంటే పోటీ వేరే క్లబ్బుకి పోతుంది. నువ్వూ వేరే పని చూసుకోవచ్చు."

గొంతు పెంచలేదు. అరిచి ఉంటే డాక్టరుకు కొంత నిమ్మళంగా ఉండేది. అరిచేవాళ్ళు మర్నాటికి మరిచిపోతారు.

పని మొదలైంది. పాచి పెరిగిన నీటిలో క్షారం ఎక్కువవుతుంది, క్లోరిన్ ఎంత పోసినా అలాంటి నీటిలో బద్ధకంగా పడుంటుంది. అందుకని ముందు కొద్దికొద్దిగా యాసిడ్ కలిపి నీటిని దారికి తెచ్చాడు. పొడుగు కర్ర బ్రష్షుతో గోడలూ మూలలూ నిచ్చెన వెనకాలా భుజాలు పడిపోయేలా తోమాడు. ఫిల్టరును ఆగకుండా నడిపాడు. పొద్దువాలాక, ఎండ తినెయ్యకుండా, దండిగా క్లోరిన్ పోశాడు.

పొద్దున్నే పరీక్ష. చిన్న గాజు గొట్టంలో కొలను నీళ్ళు పట్టి పరీక్ష మందు చుక్కలు వెయ్యాలి. క్లోరిన్ ఉంటే గులాబి రంగు వస్తుంది, ఎంత ఉంటే అంత చిక్కగా. లేకపోతే నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి. చుక్కలు పడగానే రెప్పపాటు గులాబి మెరిసినట్టు అనిపించింది. గొట్టం వెలుతురుకు ఎత్తి చూస్తే ఏమీ లేదు.

"మొత్తం మింగేసిందన్నమాట" అనుకున్నాడు. పాచి ముదిరినప్పుడు పోసిన క్లోరిన్ పోసినట్టే మాయం కావడం అతనికి కొత్త కాదు. మళ్ళీ పోశాడు, మళ్ళీ చూశాడు. రంగు రాలేదు. మరి కొంత పోశాడు. వాసన చూసి చెప్పే ముక్కు కూడా ఆ వారం జలుబుతో తలుపులు మూసుకుంది.

ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాడు.

"నమలండి. దాన్ని కూడా పాచి తినేస్తుందా?" అనేది భార్య.

శనివారానికి ఆకుపచ్చ పోయింది, మసక కూడా విడిపోయింది. అడుగున పలకల మధ్య గీతలు సైతం తేటగా కనబడ్డాయి. మేనేజరు తల ఊపి వెళ్ళాడు. డాక్టరు గుండె మాత్రం కుదుటపడలేదు. గొట్టంలో ఇంకా రంగు లేదు. మందు లేని నీళ్ళలో అంతమంది పిల్లలు దిగితే చెవులేమవుతాయి, కళ్ళేమవుతాయి? చూపులకు చచ్చిన పాచి పోటీ మధ్యలో లేచి కూర్చుంటే? ఇంకో డబ్బా విప్పి, ఉన్నదంతా వంచేశాడు.

మధ్యాహ్నం భార్య క్యారేజీ పట్టుకుని పంపు గదికి వచ్చింది. గిన్నెలు విప్పబోతూ అతని ప్యాంటు వంక చూసి ఆగింది. ముదురు నీలం ప్యాంటు, తన చేత్తో కుట్టిందే.

"ఇదేంటండీ, మోకాళ్ళ కింద ఇలా తెల్లబడింది?"

"పాతది కదా, వెలిసిపోయింది."

"పాతబడితే అంతా వెలుస్తుంది. ఇలా చుక్కలు చుక్కలుగా వెలవదు. ఏం మీద పోసుకున్నారు?"

"డబ్బాలు జాగ్రత్తగానే వంచుతున్నానే. గొట్టంతో నీళ్ళు పట్టేటప్పుడు కొలను నీళ్ళు చిందుంటాయి, అంతే."

"నీళ్ళలో మందే లేదని ఇన్నాళ్ళుగా నా ప్రాణం తీస్తున్నారు కదా. లేని మందు నా బట్టనెలా తిన్నదండీ?"

క్యారేజీతో వచ్చిన చెంచా డాక్టరు చేతిలో అలాగే ఉండిపోయింది. మెరిసి మాయమైన ఆ గులాబి గుర్తొచ్చింది. క్లోరిన్ మరీ ఎక్కువైతే వచ్చిన రంగును కూడా అదే తెల్లగా ఉతికేస్తుందని ఎప్పుడో విన్నాడు. విని, తనలాంటి జాగ్రత్తపరుడికి ఆ అవసరం రాదనుకున్నాడు. లోటా నిండా మంచినీళ్ళు తీసుకుని, అందులో ఒక్క చెంచా కొలను నీళ్ళు కలిపి, గొట్టంలో పోసి చుక్కలు వేశాడు. అంత పలచన చేసినా గొట్టం బీట్‌రూట్ రసంలా ఎర్రబడింది.

అదే క్షణాన బయట పిల్లల సందడి వినిపించింది. నీళ్ళు తేటపడ్డాయని ఈత మాస్టారు పోటీకి ముందు ఒక విడత సాధన పెట్టాడు. డాక్టరు పరుగెత్తుకెళ్ళేసరికి పిల్లలు గట్టు అంచున వరసగా వంగి ఉన్నారు, మాస్టారు నోట్లో ఈల ఉంది. ఇంకేం తోచక తాడు పట్టుకుని మాస్టారు నోట్లోంచి ఈల లాగేశాడు.

మాస్టారు పళ్ళు తడుముకున్నాడు.

"ఏంటయ్యా ఇది? మతి పోయిందా?"

"దించొద్దు సార్. నీళ్ళు బాలేవు."

"అద్దంలా ఉన్నాయి కదయ్యా. పొద్దున మేనేజరు గారు కూడా మెచ్చుకున్నారు."

"అద్దంలానే ఉన్నాయి. కళ్ళు మండిపోతాయి. మందు బాగా ఎక్కువైపోయింది సార్."

"ఎవరు పోశారు?"

డాక్టరుకు మూడు నాలుగు జవాబులు తోచాయి. టెస్ట్ కిట్ పాడైందనవచ్చు, డబ్బాల్లో సరుకు తేడా అనవచ్చు. అందరూ నమ్మేవాళ్ళే. పిల్లల్లో ఒకతె ఈత కళ్ళద్దాలు నుదుటి మీదకి జరిపి అతని మొహంలోకి చూస్తోంది.

"నేనే పోశాను. లేదనుకుని మళ్ళీ మళ్ళీ పోశాను."

మాస్టారు పిల్లలను వెనక్కి జరగమని, "పదండి, బట్టలు మార్చుకోండి" అన్నాడు.

ఆదివారం పోటీ జరగలేదు. డాక్టరు సగం నీళ్ళు తోడించి కొత్త నీళ్ళు పట్టించాడు, మిగతాది ఎండకు వదిలేసి, పలచన చేసి పరీక్షిస్తూ, లేత గులాబి వచ్చి నిలబడేదాకా గట్టు దిగలేదు. పోటీ ఆలస్యంగానైనా ఆ కొలనులోనే అయింది. మేనేజరు అతన్ని పిలిచి చాలాసేపు తిట్టాడట. తిట్లు మొదలుకాగానే డాక్టరుకు ప్రాణం లేచి వచ్చిందట, ఉద్యోగం ఉన్నట్టేనని.

ఇదంతా అతని ముందు చెబితే ముక్కు ఎగబీల్చి, చేతిలో బ్రష్షు దించకుండా అంటాడు:

"ఎవరు చెప్పారండీ మీకు? నా కొలనుకి పాచి పట్టడమేంటి. ఆ వారం అసలు నీళ్ళే లేవు, గోడలకి రంగులు వేయిస్తున్నాం."