తాత కోసం దాచిన ఇప్పపువ్వు

సారా కాచే ఇంట్లో ఉంటున్నానని తెలిస్తే మా నాన్న ఏమనేవాడో నాకు తెలియదు. నాకు ఉద్యోగం వచ్చేనాటికే ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. డోర్నకల్ దగ్గరి పల్లెలో ఆయన ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి వస్తే మిగతా ఆదివారాలు సంఘాన్ని నడిపింది ఆయనే. సారా దుకాణం ముందు నుంచి బడికి పోకూడదని మమ్మల్ని రైలు పట్టాల పక్క చుట్టుదారిన పంపేవాడు. మొదటిసారి సంస్కారం తీసుకునే ముందు, అంటే ప్రభువు జ్ఞాపకంగా ఇచ్చే రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం అందుకునే ముందు, సంఘం ఎదుట నిలబడి మద్యం ముట్టనని మాట ఇచ్చాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అయినా నేను చూసిన మంచి ఇళ్లలో ఆ సారా ఇంటిని ముందు వరసలోనే పెడతాను.

నాకు టీచరుగా మొదటి ఉద్యోగం భూపాలపల్లి అడవిలో ఒక గూడెంలో వచ్చింది. గూడేనికి రెండు పక్కలా వాగులు. వానలు పడితే రెండూ నిండి, గూడెం లంక అయిపోయేది. మా ఆయన జనగామలో పత్తి మార్కెట్ దగ్గర పని చేసేవాడు. శనివారం వాగు దాటి, రోడ్డు దాకా నడిచి, బస్సు పట్టుకుని ఇంటికి పోయేదాన్ని. సోమవారం మళ్లీ గూడెం. అక్కడ ఉండడానికి నాకు చోటిచ్చింది ఒక ముసలి జంట. ఇంట్లో వాళ్లలో వాళ్లు తమ భాష మాట్లాడుకునేవాళ్లు, నాతో తెలుగు. ఆమెను అవ్వ అనీ, ఆయన్ను తాత అనీ పిలిచేదాన్ని. పక్క గుడిసెలో వాళ్ల కోడలు ఉండేది. కొడుకు బొగ్గు గనుల్లో కూలికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు.

అవ్వ ఇప్పసారా కాచేది. ఎండాకాలం మొదట్లో పొద్దు పొడవకముందే అడవికి పోయి, రాలిన ఇప్పపువ్వు తనే ఏరుకొచ్చి, ఎండబెట్టి, గంపల్లో దాచేది. కాచే ముందు దాన్ని నానేసి పులియనిచ్చేది. పొయ్యి మీద పెద్ద కుండ, దానిమీద అడుగున చిల్లులున్న ఇంకో కుండ, అందులో ఒక ముంత, అన్నిటికీ పైన చన్నీళ్ల గిన్నె. సందులన్నీ బంకమట్టితో మెత్తేది. ఆవిరి పైకొచ్చి చల్లటి గిన్నె అడుగుకు తగిలి, చుక్కలై ముంతలో పడేది. గిన్నెలో నీళ్లు వేడెక్కితే చుక్క కట్టదు. అందుకే నీళ్లు మారుస్తూ ఉండాలి. మంట పెరిగితే మాడు వాసన. అందుకే పొయ్యి ముందు నుంచి లేవకూడదు. ఆ పనిలో ఉన్నప్పుడు అవ్వ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒక చెవి కుండ వైపు వంచి కూర్చునేది. మా అమ్మ ప్రార్థనలో కూర్చున్నప్పుడు తప్ప అంత నిశ్చలమైన మనిషిని నేను చూడలేదు.

దిగిన సారాలో మొదటి కాసిని చుక్కలు నేల మీద వంపేది. అవి పోయిన పెద్దలకు. ఆ తర్వాతే ఎవరికైనా.

ఒకసారి టౌను నుంచి మోటారు సైకిలు మీద వచ్చిన ఒకాయన, "బెల్లమేస్తే ఇంకింత దిగుతది గదా అవ్వా" అని సలహా ఇచ్చాడు.

"దిగుతది బిడ్డా. ఎక్కువ దిగుతది, ఎక్కువ తాగుతరు, ఎక్కువ తన్నుకుంటరు. నాకెందుకు గా లొల్లి?"

ఆమె కాచేది ఏడాదికి ఆ గంపల్లో పట్టినంతే. అయిపోతే అయిపోయినట్టే. మళ్లీ చెట్టు పూసేదాకా ఆగాలి. ఆ సంగతి తెలిసి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవాళ్లు. అంగడికి పోయేవాళ్లు, అడవి శాఖ ఉద్యోగులు, ఒకసారి హైదరాబాదు నుంచి కెమెరాలు వేసుకుని నలుగురు. ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి ముందు మంచినీళ్లు, తర్వాత జొన్నరవ్వతో వండిన గట్క. అది తిన్నాకే మోదుగాకు డొప్పలో సారా. సాయంత్రం వాగు దాటాల్సిన వాళ్లకు రెండో డొప్ప ఉండదు.

"ఇంకొక్కటి పొయ్యవ్వా, గింత దూరం నుంచి వచ్చినం."

"పోస్త. వాగేమన్న నీ మేనమామనా, రెక్క పట్టి ఒడ్డుకు ఎక్కియ్యనీకె?"

అడిగినవాడు నవ్వి లేచిపోయేవాడు. అధికారి అయినా, కూలివాడైనా అదే డొప్ప, అదే మాట. ఇంత సమానంగా చూసే బల్లను నేను చర్చిలో సంస్కారం దగ్గర చూశాను, మళ్లీ ఆ అరుగు మీదే చూశాను.

తాత కథ వేరు. వయసులో ఉన్నప్పుడు డోర్నకల్ పక్కన రైలు పట్టాల పనికి వెళ్లి, అక్కడే వాక్యం విని బాప్తిస్మం తీసుకున్నాడు. గూడేనికి తిరిగొచ్చి అవ్వను చేసుకున్నాడు. ఆమె తన పెద్దల పద్ధతి విడవలేదు, ఆయన విడవమనలేదు. అప్పట్లో వచ్చిన ఒక పాస్టరు, సారా డబ్బుతో అన్నం తినేవాడికి సంస్కారం లేదన్నాడట. తాత ఎదురు చెప్పలేదు. ఆరాధన ఎక్కడ జరిగినా వెళ్లి, రొట్టె, రసం పంచేవేళకు లేచి బయటికొచ్చి నిలబడేవాడట. అట్లా ముసలివాడయ్యాడు. నేను చేరిన రెండో ఏడు వానలకు దగ్గు పట్టి మంచమెక్కాడు. సాయంత్రాలు నేను పక్కన కూర్చుని వాక్యం చదివి ప్రార్థన చేసేదాన్ని.

"టీచరమ్మా, అంతా మంచిగనే ఉన్నది గని," అన్నాడొకరోజు. "ప్రార్థన వెట్టంగనే నువ్వు సీన్మల పెద్ద దొర లెక్క మాట్లాడుతవేంది? మన రాష్ట్రం మనకు గావాలె అంటున్నరు. దేవునితోని మాత్రం ఆంధ్రా మాటనా?"

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆలోచనా వచ్చింది. దేవుడి ముందు నిలబడగానే నా నోరు ఎవరి నోరో అయిపోతోందని అంతవరకు నాకు తోచలేదు.

ఆయన నవ్వలేదు. "ఒక్కపారి గా గిన్నె నోటికి పెట్టుకొని పోవాలె బిడ్డా. గంతే. అయ్యగారికి చెప్తవా?"

అప్పటికి ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, దుకాణాల షట్టర్లు దించేశారు. నిరసనగా రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. వాగులు నిండుగా ఉన్నాయి. నేను ఇంటికి పోయే దారి లేదు. ఉద్యమం పిల్లలు డప్పులు భుజాన వేసుకుని నడుం లోతు నీళ్లలో దాటి వచ్చి, మా అరుగు మీద పాటలు పాడి, గట్క తిని, ఇంకో గూడేనికి పోయేవాళ్లు. వాళ్లలో ఒక అమ్మాయి చేత పాస్టరుగారికి కబురు పంపాను.

కొద్దిరోజులకు ఆయన నడిచే వచ్చాడు. మహబూబాబాద్ వైపు మనిషి, మా పక్కకు కొత్తగా మారాడు. సారా విషయంలో మా నాన్నకంటే గట్టివాడు. వాళ్ల నాయినను సారాయే తినేసిందని తర్వాత నాతో చెప్పాడు. అయినా తాతను చూడగానే మంచం అంచున కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను బయట నిలబెట్టింది మేము పెద్దయ్యా, ప్రభువు కాదు. ఇయ్యాల ఇస్త," అన్నాడు.

తాత మొహం అంత వెలగడం నేను చూడలేదు. అవ్వ మంచం కాళ్ల దగ్గర కూర్చుంది. పాస్టరు సంచిలోంచి తెల్లగుడ్డ తీసి పరిచాడు. రొట్టె పెట్టాడు. ద్రాక్షరసం సీసా తీసి మూత తిప్పాడు.

మూత టప్పుమని ఎగిరి దూలానికి తగిలింది. సీసా మెడ నుంచి నురగ కారి తెల్లగుడ్డ మీద పడింది.

మా చర్చీల్లో ఎండు ద్రాక్ష ఉడకబెట్టి రసం తీస్తారు. ఏ పూటకు ఆ పూట చెయ్యాలి. దుకాణాలు లేక, బస్సు లేక, ఆయన ఉన్నదాన్నే సంచిలో పెట్టుకుని ఊరూరా నడిచాడు. ఎండకు, వానకు అది పులిసిపోయింది. ఇల్లంతా ఆ వాసనే. ఆ ఇంట్లో ఆ వాసనను గుర్తుపట్టని వాళ్లు లేరు.

ముందు తాతే నవ్వాడు. దగ్గులోనే నవ్వాడు. "అయ్యగారూ, మా ముసల్దానికి పోటీ వచ్చినవా?"

పాస్టరు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. సీసా మూసేశాడు. "ఇది ఇయ్యలేను పెద్దయ్యా. పులిసినది ఇయ్యనన్న మాట మీద ఉన్న. మళ్లొస్త."

"ఎప్పుడొస్తవు?"

వాగు తగ్గాలి, సమ్మె ఆగాలి, అప్పటిదాకా ఈ మనిషి ఉండాలి. తాత మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

అవ్వ లేచి లోపలికి పోయింది. అటక మీద నుంచి ఒక చిన్న గంప దించుకొచ్చి, పైన కట్టిన గుడ్డ విప్పింది. ఎండు ఇప్పపువ్వు, కిస్మిస్ రంగులో.

"గిది ఉడకబెడితె తియ్యటి రసమొస్తది. పులియనియ్యకుంటె నిషా ఉండది. పసిపోరగాండ్లకు పోస్తం. గిది పనికిరాదా అయ్యగారూ?"

గుమ్మంలో నిలబడ్డ కోడలు కంగారు పడిపోయింది. "అత్తా, గది మామకని దాచినవ్ గదా!"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ గూడెంలో మనిషి పోతే, వచ్చిన చుట్టాలకు ఆ ఇంటి చేతి సారా పోసి సాగనంపాలి. అది లేకుండా పోయినవాళ్లు పెద్దల్లో కలవరని వాళ్ల నమ్మకం. గంపలన్నీ ఖాళీ అయినా ఆ ఒక్కదాన్ని అవ్వ అటకెక్కించింది అందుకే. చెట్టు మళ్లీ పూయడానికి చాలా కాలముంది.

తాతే ఇటు తిరిగాడు. "నాకని దాచిందే గదనే. సచ్చినంక పోసేది బతికుండంగనే పోస్తది. నీకేం నొప్పి?"

పాస్టరు గంప వైపు చూస్తున్నాడు. "ద్రాక్ష కావాలె కదా పెద్దయ్యా" అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

"నేను పుట్టి బుద్ధెరిగి ద్రాక్షతోట చూడలే అయ్యా. ప్రభువు మా గూడెంల పుడితె ఏం పోసేటోడు?"

పాస్టరు చాలాసేపు తల వంచుకుని ఉన్నాడు. ప్రార్థిస్తున్నాడని నాకు తెలుసు, నేనూ అదే చేస్తున్నాను. తలెత్తి, "ఉడకబెట్టవ్వా" అన్నాడు.

బడిలో మధ్యాహ్న భోజనం గిన్నె కడిగి తెచ్చాను. శనివారాల్లో మా అమ్మ పొయ్యి దగ్గర ఎండు ద్రాక్ష ఉడుకుతుంటే కలపడం నా పని. ఇక్కడ కలిపింది అవ్వ. అదే సన్నమంట, అదే నిశ్శబ్దం. గంపలో సగానికి పైగా పోసేసింది. బాగా మగ్గాక వడకట్టి, రసాన్ని గిన్నెలోకి వంపింది. పాస్టరు చేతికి అందించబోతూ, చేతి అలవాటుకొద్దీ, మొదటి చుక్కలు నేల మీద వంపేసింది.

అందరం చూశాం. ఆమె చెయ్యి ఆగిపోయింది. పాస్టరు ఆ తడి నేలను చూశాడు, ఆమెను చూశాడు. రెండు చేతులా గిన్నె అందుకున్నాడు. నేను నమ్మిన దేవుడు ఒక్కడే, పెద్దలకు పోయడం నాకు లేదు. కానీ ఆ గంపలో ఏముందో తెలిసి, దాన్ని ఇచ్చేసిన మనిషిని ఆ క్షణాన దిద్దడానికి నాకు నోరు రాలేదు. ఆయనకూ రాలేదు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

తాత అడక్కముందే పాస్టరు మా మాటల్లో ప్రార్థన చేశాడు. "అయ్యా, గీ పెద్దమనిషి శాన రోజులు బయట నిలబడ్డడు. ఇగ లోపటికి పిలువు," అన్నాడు. తాత రొట్టె తిన్నాడు. గిన్నె నోటికి పెట్టుకుని తాగాడు. కాసేపు కళ్లు మూసుకుని, తర్వాత అవ్వ వైపు తిరిగి, "మంచిగ కుదిరింది" అన్నాడు.

బస్సులు తిరగడం మొదలైంది. వాగులు తగ్గి, వరి కోతలకు వచ్చే వేళకు తాత నిద్రలోనే వెళ్లిపోయాడు. రాష్ట్రం వచ్చేదాకా ఆయన లేడు. పాస్టరు వచ్చి వాక్యం చదివి, సంఘం పద్ధతిలో మట్టి చేశాడు. చుట్టాలు చుట్టుపక్కల గూడేల నుంచి నడిచి వచ్చారు. గంపలో మిగిలిన పువ్వు అడుగుకు అంటుకునేంతే. బెల్లం తెచ్చి కలుపుదామని ఒకరిద్దరు అన్నారు. అవ్వ వినలేదు. తాతకు జబ్బు ముదిరినప్పుడే ఉన్నంతదాన్ని నానేసి ఉంచింది, ఇప్పుడు పొయ్యి వెలిగించింది.

కోడలు వచ్చినవాళ్లకు గట్క వండుతోంది. అవ్వ మంట దగ్గర కూర్చుంది. పైగిన్నెలో నీళ్లు మార్చేవాళ్లు లేరు. నేను కొంగు బిగించి కుండతో నీళ్లు తెచ్చాను. సారా ముట్టనని ఇచ్చిన మాట గుర్తుంది. నీళ్లు తోడనని ఎవరికీ మాట ఇవ్వలేదు.

"గోరువెచ్చనైతున్నయి, మార్చు బిడ్డా," అంది అవ్వ.

మార్చాను. లోపల ముంతలో చుక్క పడిన చప్పుడు వినిపించింది. దిగింది ఒక్క ముంతే. మొదటి చుక్కలు నేల తాగింది. మిగిలింది అరుగు మీద కూర్చున్నవాళ్లకు డొప్ప అడుగు తడిసేంత మాత్రమే వచ్చింది. ఒక్కరూ రెండోది అడగలేదు. అందరూ దాన్ని రెండు చేతులా పట్టుకుని, నెమ్మదిగా, కళ్లు మూసుకుని తాగారు.