ముప్ఫై తొమ్మిదో రోజు వంజరం పులుసు

మా అమ్మమ్మ దేముడమ్మ జన్మలో డబ్బులిచ్చి చేప కొనలేదు. ఈ మాట రోజుకోసారి చెబుతుంది. వినేవాళ్ళు లేకపోతే స్టవ్వుకి చెబుతుంది. తండ్రి వేటకెళ్ళాడు, మొగుడు వేటకెళ్ళాడు, కొడుకు నాగబాబు ఇప్పుడు మరబోటు మీద వెళ్తున్నాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు నెత్తిన గంప పెట్టుకుని జాలారిపేట నుంచి ఊరంతా తిరిగి చేపలమ్మింది. మోకాళ్ళు అరిగిపోయాక గంప దింపి వంటగదిలో కూర్చుంది. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఆవిడ రూలు ఒకటే. ఇంట్లో ఉన్నది అయిపోయేదాకా ఎవరూ కొట్టుకెళ్ళకూడదు. కొట్లో దొరికే ప్రతిదీ మన డబ్బాల్లో ఏదో ఒక రూపంలో ఉండే ఉంటుందని ఆవిడ నమ్మకం. హార్లిక్స్ సీసాలో మెంతులుంటాయి. ఐస్‌క్రీం డబ్బాలో ఎండు రొయ్యలుంటాయి. ఆశగా ఆ డబ్బా మూత తీసి ఏడ్చిన పిల్లలు మా వీధిలో చాలామందే ఉన్నారు. మిగిలిన ఇడ్లీ మర్నాడు ఉప్మా అవుతుంది, మిగిలిన ఉప్మా సాయంత్రం బోండా అవుతుంది. బోండాలు మిగిలితే ఏమవుతాయో నేనెప్పుడూ అడగలేదు. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు మధ్యలో మానేసి ఇంటికొచ్చిన రోజున అందరూ తలోమాటా తిట్టారు. ఆవిడ మాత్రం నా సంచి వెతికి, "ఆస్టలికి అట్టుకెల్లిన పచ్చడి సీసా ఏదిరా?" అంది.

పోయినేడు నా పుట్టినరోజుకి ఫోన్లో చూసి కేకు కూడా చేసింది. మైదా లేదు, గోధుమపిండి పోసింది. పంచదార లేదు, బెల్లం కోరింది. ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్ అడుగున ఇసక పోసి, దాని మీద కేకు గిన్నె పెట్టుకోవచ్చని ఆ వీడియోలో చెప్పారు. ఇసకకి మాకేం లోటు, గుమ్మం దాటితే ఇసకే. కాకపోతే అది మా పేటవాళ్ళు నెత్తళ్ళనే చిట్టి చేపలు ఎండబెట్టే ఇసక. కుక్కర్ వేడెక్కేకొద్దీ పాతికేళ్ళ నెత్తళ్ళన్నీ లేచి కేకులోకి వచ్చాయి. నేను కొవ్వొత్తి ఊదేసరికి గుమ్మంలో మూడు పిల్లులు కూర్చుని ఉన్నాయి. "వోసన పైపైనేరా, లోపల తీపే" అంది. నిజానికి లోపల ఇంకా ఎక్కువుంది.

ఇంతకీ చెప్పొచ్చింది పులుసు గురించి.

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి అరవై ఒక్క రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు కదలకూడదు, తెడ్డేసే తెప్పలు వెళ్ళొచ్చు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో వారాలుండవు. సోమవారం లేదు, ఆదివారం లేదు. అమ్మమ్మ వంటగది గోడ మీద రోజుకో బొగ్గు గీత గీస్తుంది. ఎవరైనా "ఇయాలేటి?" అంటే "ఇరవయ్యోది" అంటాం, అంతే.

ముప్ఫై తొమ్మిదో గీత గీసిన రోజు పొద్దున్న పదింటికి ఈశ్వరత్తకి ఫోనొచ్చింది. ఈశ్వరి అంటే నాగబాబు మావయ్య భార్య. కొత్తవలస అవతల పొలమూ తోటా ఉన్నవాళ్ళ పిల్ల. రెండేళ్ళ కిందట వీళ్ళిద్దరూ ఎవరికీ చెప్పకుండా రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకున్నారు. అప్పటి నుంచి ఆవిడ తల్లి సూర్యకాంతమ్మ తోటలో కాసినవన్నీ కొడుకు చేత పంపేది గాని, తను మాత్రం మా గడప తొక్కలేదు. పోయినవారం కూడా గెలలోంచి ఒక అత్తం కోసి, ఆరు పచ్చి అరటికాయలు పంపింది. అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఓపాలి రా వొదినా, వంజరం పులుసెడతాను" అనేది. ఆవిడ "సూద్దాం లెండి" అనేది.

ఈశ్వరత్త ఫోన్ పెట్టేసి గోడకి ఆనుకుంది. "మాయమ్మ కంటి డాక్టర్ దగ్గరకొచ్చిందట అత్తా. పనైపోయిందట. పన్నెండుకి బోజనానికి ఇక్కడికే వస్తాదట."

అమ్మమ్మ మొహం వెలిగింది, ఆ వెంటనే గోడ మీద గీతల వైపు తిరిగింది.

"బజార్లో సెరువు సేప దొరుకుతాది, గణేష్‌ని పంపుదాం" అంది అత్త. గణేష్ అంటే నేనే.

"బురద తిని పెరిగిందాన్ని పులుసెట్టి మీ యమ్మకి పెట్టమంటావేటి?"

"పోనీ, తెప్పలోళ్ళు ఎల్తన్నారు కదా. ఆళ్ళ కాడ..."

"ఆళ్ళు ఊరికే ఇత్తారా? కొనాలి. కొన్న సేప నా సేత్తో సుట్టానికెట్టను."

"కోడి?"

"కోళ్ళు మీ యూర్లో నేవేటి? కోడి తినడానికి జాలారిపేట రావాలేటి మీ యమ్మ?"

మావయ్య గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. తలెత్తకుండా అన్నాడు. "బోట్లు కట్టీసారు, సేపనేదు అని సెప్పీస్తే పోద్ది కదమ్మా. లోకమంతా తెలిసిందే."

"లోకానికి తెలుసురా. మీ యత్తకి తెల్దు. రెండేళ్ళకి గడప తొక్కుతంటే, సేపలోళ్ళింట సేప నేదని ఆళ్ళ యూరెల్లి సెప్పుకుంటాది. ఆవిడ ఈయాల మనింట్లో కడుపునిండా తినాలి. తినకుండా ఎల్లిందా, ఈ పిల్ల మరి పుట్టింటి మొకం సూడనేదు."

ఈశ్వరత్త కొంగుతో ముక్కు తుడుచుకుని ఉల్లిపాయలు తీసింది.

అమ్మమ్మ డబ్బాలన్నీ మూతలు తీసి చూసింది. తర్వాత మూలనున్న అరటికాయల దగ్గర ఆగింది. గంపలో చేప మంచిదో కాదో చూసే చూపు అది. ఒక కాయ తీసి గోరుతో నొక్కింది.

"నాగబాబూ, వంజరం ముక్క మందమెంతుంటాది?"

"నీకు తెల్దేటి? బొటనేలంత." అప్పుడు తలెత్తి చూశాడు. "అమ్మా, వద్దే."

ఆవిడ అప్పటికే కత్తిపీట వేసుకుంది. కాయలకి తొక్క తీసి, ఒక పక్కన మాత్రం సన్నగా ఉంచింది, చేప తోలులాగ. ఏటవాలుగా బొటనవేలంత మందాన కోసి, పసుపూ ఉప్పూ వేసి సగం ఉడికించింది. కారం, బియ్యప్పిండి పట్టించి వేయించింది. చింతపండు పులుసు మరిగించి మెంతిపొడి వేసింది. ముక్కలు చూస్తే వంజరమే. వాసన చూస్తే అరటికాయే. అందుకని ఐస్‌క్రీం డబ్బా దిగింది. ఎండు రొయ్యలు గుప్పెడు వేయించి నా చేత దంచించి, ఆ పొడి పులుసులో కలిపింది. ఐదు నిమిషాల్లో కేకు నాటి పిల్లులు మళ్ళీ వచ్చాయి. అవి రావడంతో అమ్మమ్మకి ధైర్యం వచ్చింది.

"తినీవోడు తినాలి. నోరిప్పకూడదు" అంది మా ముగ్గురితోటీ.

సూర్యకాంతమ్మ పన్నెండింటికి ఆటో దిగింది. కంట్లో మందు చుక్కలు వేశారట, చేత్తో గాలిలో తడుముకుంటూ వచ్చింది. నల్లద్దాలు, చేతిలో సంచి, సంచిలో వంకాయలు. కూతురి చెయ్యి దొరికాక వదల్లేదు. "అంతా మసగ్గా ఉన్నాదే. నువ్వు సిక్కిపోయావో నేదో కూడా తెలటం నేదు" అంది. మందు చుక్కల మాట వినగానే అమ్మమ్మ సముద్రం వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

కంచాలు వేశారు. అమ్మమ్మ పులుసు గిన్నె తనే పట్టుకొచ్చి గరిటె ముంచింది. సూర్యకాంతమ్మ కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటనుకోకు వొదినా. ఇయాల శనివారం కదా. నాను నీసు ముట్టను."

గరిటె గాలిలో ఆగిపోయింది. మావయ్య నా వైపు చూశాడు, నేను గోడ వైపు చూశాను. గోడ మీద ముప్ఫై తొమ్మిది గీతలున్నాయి, శనివారం ఎక్కడా లేదు. ఈశ్వరత్త నాలిక కరుచుకుంది. పుట్టింట్లో ఇరవై ఏళ్ళు శనివారాలు చేసిన మనిషి, రెండేళ్ళలో మాతో కలిసి రోజులు లెక్కపెట్టడం నేర్చుకుంది.

"ఇంత మజ్జిగ పొయ్యండి, సాలు" అంది సూర్యకాంతమ్మ.

అమ్మమ్మ మొహంలో రంగు మారింది. ఆవిడకి శనివారం వినపడలేదు. మీ ఇంట్లో తినను అన్నట్టు వినపడింది. నాకూ కొంచెం అలాగే వినపడింది. మావయ్య కంచంలో రెండు ముక్కలు వేసి, అమ్మమ్మ మజ్జిగ తెస్తానని వంటగదిలోకెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను.

"అమ్మమ్మా, అది అరటికాయే కదా. చెప్పేయ్, తినేస్తుంది" అన్నాను.

"రొయ్యల పొడి నువ్వే దంచావు కదరా సచ్చినోడా."

అప్పుడు అర్థమైంది మేం ఏం వండామో. చేప తినేవాడికి అందులో చేప లేదు. తిననివాడికి ఉంది. మా ఊళ్ళో ఎవరికీ పెట్టడానికి పనికిరాని కూర అది.

అమ్మమ్మ వంటగదంతా కలియజూసింది. వంకాయలు వండాలంటే అరగంట. పప్పు నానెయ్యలేదు. కత్తిపీట పక్కన అరటి తొక్కలు కుప్పగా ఉన్నాయి. ఎవరింట్లోనైనా అవి ఈపాటికి ఆవు కడుపులో ఉండేవి. మా ఇంట్లో ఏదీ పారెయ్యరు కాబట్టి ఉన్నాయి.

కడిగిన కళాయినీ రోలునీ మళ్ళీ రెండుసార్లు కడిగింది. తొక్కలు సన్నగా తరిగి నూనెలో మగ్గించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, చింతపండు వేసి రోట్లో నూరడం మొదలెట్టింది.

"ఏటది, రోలు సప్పుడు?" అంది బయటి నుంచి సూర్యకాంతమ్మ.

"పచ్చడి వొదినా. నీసు కాదు. ఒక్క నిమసం కూకో."

ఆ నిమిషం పది నిమిషాలైంది. ఆ పది నిమిషాలూ మావయ్య అత్తగారిని కాపలా కాశాడు. మొదటి ముద్దలోనే ఆయనకి ఒళ్ళు మండి ఉంటుంది, నాకు తెలుసు. పదిహేనేళ్ళుగా వంజరం పట్టి తిన్న మనిషి. అయినా తల ఊపుతూ తిన్నాడు. తినడమే కాదు, మధ్యమధ్యలో నోట్లో వేళ్ళు పెట్టి ముల్లు తీసి కంచం పక్కన పెట్టినట్టు నటించాడు. ఒకసారి గొంతులో ముల్లు అడ్డం పడినట్టు దగ్గి, ఉత్త అన్నం ముద్ద మింగాడు. తల్లి పరువు కోసం అరటికాయలో ముళ్ళు ఏరిన మగాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

పచ్చడి తాలింపుతో సహా వచ్చింది. సూర్యకాంతమ్మ కలుపుకుంది, తింది. మళ్ళీ అన్నం పెట్టించుకుంది. మూడోసారి కలుపుతూ అంది.

"ఇది మా తోట కాయ తొక్క. సిన్నప్పట్నించీ తింటన్నాను, నాకు తెల్దేటి?"

"అదే వొదినా" అంది అమ్మమ్మ, ఊపిరి పీల్చుకుని.

"మరి కాయలేవి?"

ఈశ్వరత్త మంచినీళ్ళ గ్లాసు ఎత్తి అలాగే ఉండిపోయింది. మావయ్య నోట్లోంచి ఇంకో ముల్లు తీస్తూ ఆగిపోయాడు.

"నాకు కంట్లో మందేసారు కాబట్టి ఊరుకున్నాను" అంది సూర్యకాంతమ్మ నెమ్మదిగా. "అల్లుడు అందాకట్నించీ ముళ్ళు తీసి పక్కనెడతన్నాడు. అక్కడ సూస్తే ఒక్కటీ నేదు. నా కళ్ళు పూర్తిగా పోనాయేమో, డాక్టర్ నాకు సెప్పనేదేమో అనుకుని ఇంతసేపూ బెంగెట్టుకున్నాను."

అమ్మమ్మ కింద కూర్చుండిపోయింది.

"ఇంట్లో సేప నేదొదినా. బోట్లు కట్టీసారు. కొన్న సేప నీకెట్టనేను. ఆ కాయలే కోసి సేపనాగ సేసాను."

"మరి కాయే అయితే నాకెయ్యడానికేటి? నాను ఆకలికి సచ్చిపోతన్నాను."

"రొయ్యల పొడేసీసాను. వోసనకి."

సూర్యకాంతమ్మ నల్లద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. మందు చుక్కలకో, నవ్వుకో తెలియలేదు. నవ్వు తర్వాత వచ్చింది, వచ్చాక చాలాసేపు ఆగలేదు. మావయ్య కూడా చేతిలో ఉన్న ముల్లు వదిలేశాడు.

నవ్వడం అయ్యాక ఆవిడ అంది. "ఆటోలో వస్తంటే గోపాలపట్నం కాడ గుర్తొచ్చిందొదినా నాకు, ఇయాల శనివారమని. ఎనక్కి ఎల్లిపోదామనుకున్నాను. సేప తినను అంటే, రెండేళ్ళకొచ్చి మీ ఇంట్లో తిననంటన్నాదని మీరనుకుంటారు కదా."

"అనీసుకున్నాం" అంది అమ్మమ్మ. ఆవిడకి మొహమాటం లేదు.

"నాకు తెలుసు. అందుకే మజ్జిగతోనైనా తిని ఎల్దామనుకున్నాను." కంచంలో ఆఖరి పచ్చడి మెతుకు కూడా ఊడ్చుకుంది. "ఆ పులుసు డబ్బాలో ఎట్టు. రేపు ఆదివారం. పులుసు మర్నాటికే బాగుంటాది."

అమ్మమ్మ ఐస్‌క్రీం డబ్బా ఖాళీ చేసి కడిగి, అంతా అందులో పోసింది. మావయ్య తన కంచంలో మిగిలిన ముక్క కూడా ఇచ్చేద్దామని చూశాడు గాని, ఈశ్వరత్త చెయ్యి పట్టుకుంది.

నలభయ్యో రోజు సాయంత్రం ఫోనొచ్చింది. అమ్మమ్మ స్పీకర్ పెట్టింది.

"వొదినా, మా ఈదిలో అందరికీ ఇంతింత ఎట్టాను. వియ్యపురాలు వంజరం పులుసెట్టి పంపిందని సెప్పాను. ఏనాడూ ఇలాటి సేప తిన్నేదన్నారు."

"ఎవలూ కనిపెట్టనేదా?"

"నేదు. మా మరిదికైతే ముల్లు కూడా గుచ్చుకుందట."

అమ్మమ్మ ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. ముప్ఫై ఏళ్ళు చేపలమ్మిన మనిషి, సరుకు మీద మాట పడితే ఊరుకోదు.

"ఉత్తి మాట" అంది. "నాను ముళ్ళేరీసే ఒండాను."