మన్ననూరు దాకా నడిచిన అత్త

కర్దనూర్‌లో ఉండే మా మేనత్త పోయింది. పొద్దున టీ తాగుతూ, గుండెలో ఏదో పట్టేసినట్టుందని గ్లాసు పక్కన పెట్టిందట. నేను డ్యూటీ దిగి గేటు బయటికొచ్చి ఫోన్ ఎత్తితే మామయ్య. "మీ అత్త లేదు అల్లుడా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

అత్తకు నోరెక్కువ. గడ్డపోతారంలో మా కంపెనీ క్యాంటీన్‌లోనే వంట చేసేది. పప్పులో ఉప్పు తగ్గిందన్నవాడికి ఇంకో గరిటె వేసి, తినేదాకా ఎదురుగా నిలబడేది. బీహార్ కుర్రాళ్లతో తనకొచ్చిన హిందీలో పోట్లాడి, వాళ్లకు జ్వరమొస్తే గంజి కాచి పంపేది.

మామయ్య కామెర్లు ముదిరి చావు తప్పి లేచిన ఏడు, శివరాత్రికి శ్రీశైలం నడిచి వస్తానని మొక్కుకుంది. వాడకట్టంతా ఆమె కాళ్లు కడిగి సాగనంపింది. ఇంటికొకరు తమ ముడుపు ఆమె సంచిలో వేశారు. నడిచి వెళ్లే గుంపులో ఆమెకు తోడుగా నన్ను పంపారు. నాకు సెలవు దొరకడమే మల్లన్న మహిమ అని అత్త ఎకసెక్కమాడింది.

మన్ననూరు దగ్గర, అడవి మొదలయ్యే చోట, వెనక నడుస్తున్న నాకు రోడ్డు మీద రక్తం కనిపించింది. అత్త కాలిదే. గాజుపెంకు దిగినా, షుగర్ వల్ల పాదాలు మొద్దుబారి ఆమెకు తెలియలేదు. దారిలోని వైద్య శిబిరంలో డాక్టరమ్మ కట్టు కట్టి, ఇంకా నడిస్తే పాదం తీసేయాల్సి రావచ్చని చెప్పింది. గుంపువాళ్లేమో మల్లన్నే చూసుకుంటాడన్నారు. మొక్కు సగంలో వదిలితే ఎవరి కోసం మొక్కారో వాళ్లకే తగులుతుందని ఒకామె మెల్లగా అన్నది. అత్త ముఖం వాడిపోయింది.

చాలాసేపు కల్వర్టు మీద కూర్చుంది. వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు, పదమనడానికీ చాలలేదు. చివరికి ముడుపుల సంచి గుంపు పెద్దకు తనే అప్పగించింది.

"ఇగ నేను నడ్వ అల్లుడా. కాలు వొయ్యి నేను మంచంల వడితె మీ మామకు బువ్వెవలు వెడ్తరు? గిది సమజ్ కాకుంటె మల్లన్న దేవుడెట్లయిండు?"

బస్సులో మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ఏడంతా మామయ్య తుమ్మినా ఉలిక్కిపడేది.

ఊరికి రాగానే ఆటోలో వాడకట్టంతా తిప్పించుకుంది. ఇంటింటి ముందూ ఆపించి, సగంలో వచ్చేశానని తనే చెప్పింది. ఇంకొకరు చెబితే తోకలు తగిలిస్తారట.

మరుసటేటి నుంచి శ్రీశైలం నడిచేవాళ్లంతా ముందు ఆమె గడప దగ్గర ఆగాల్సిందే. పీట వేసుకుని, ఒక్కొక్కరి పాదం ఒళ్లోకి తీసుకుని, అరికాలు నొక్కి చూసేది. "నడ్సుడు అందరు నడుస్తరు. ఆగుడు గూడ నేర్సుకోండ్రి" అనేది. జనం నవ్వుతూనే కాళ్లు చాపేవారు. కనపడ్డవాళ్లందరి కాళ్లూ పట్టుకోవడమేమిటని మామయ్య విసుక్కునేవాడు.

ఆగడం ఓడిపోవడం కాదని నాకు తెలిసింది ఆ కల్వర్టు మీదే. ఆమెకు ఆ మాట ఎన్నడూ చెప్పలేదు, అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

దినకర్మ అయి వారం కాకముందే ఈ ఏటి గుంపు బయలుదేరింది. చావింటి గడప తొక్కలేక, అలవాటు మానుకోలేక, అందరూ రోడ్డు మీదే నిలబడిపోయారు. మామయ్య వాళ్లను చూశాడు. లోపలికెళ్లి పీట తెచ్చి రోడ్డు మీదే వేసుకుని కూర్చున్నాడు.

"కాలు ఇటియ్యి" అన్నాడు ముందున్న ముసలాయనతో.

ఆ పాదం ఒళ్లో పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, వేళ్ల సందులు ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాడు.