లేచినవాళ్ల విస్తరి

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. (ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు; అన్నీ తెలియడానికి అంతకంటే తక్కువే పట్టింది.) వైకల్యం ఉన్నవాళ్లకు పని చూపించి, అందులో నిలదొక్కుకునేదాకా పక్కనుండి నేర్పడం నా కొలువు. అలా కమలాపురంలో ఒక అక్క నడిపే మెస్సులో పెద్దోణ్ణి చేర్పించాను. ముప్పై ఏళ్ల మనిషి. పెద్దోడనే ఇంట్లోవాళ్ల పిలుపే మాకూ అలవాటైంది. మేధో వైకల్యం వల్ల నేర్చుకోవడం నిదానమే గానీ, ఒకసారి నేర్చుకున్నాడంటే మరిచిపోడు. "నెల చూస్తా సారూ. కుదరకపోతే పిల్చుకపోవల్ల" అంది అక్క. అతనికి అదే మొదటి ఉద్యోగం. అందుకని నేను మూడు బొమ్మలు గీసి గోడకు అంటించాను. మనిషి కూర్చుంటే విస్తరి వెయ్యాలి. నీళ్లు పొయ్యాలి. మనిషి లేస్తే విస్తరి ఎత్తాలి. ఇంత తేలిగ్గా ఇంకెవడు చెప్పగలడని మురిసిపోయాను.

మూడో వారం ఒక మధ్యాహ్నం మెస్సు కిటకిటలాడుతోంది. జనం ఇంకా సంగటి ముద్దలో సగం కూడా తినలేదు, ఆ ఊళ్లో చాలామందికి చదువు చెప్పిన ముసలి హెడ్మాస్టరుగారు లోపలికొచ్చారు. అంతే, ఎంగిలి చేతులు వెనక్కి పెట్టుకుని అందరూ లేచి నిలబడ్డారు. (నేనూ లేచాను. ఆయన నాకు చదువు చెప్పలేదు, అయినా లేచాను.) "కూర్చోండప్పా, తినండి" అంటూ ఆయన అందరినీ పలకరించేసరికి బల్లల మీద ఒక్క విస్తరి లేదు. పద్నాలుగు విస్తర్లూ కోడిపులుసుతో సహా కుడితి తొట్లో ఉన్నాయి.

"ఏమప్పా, నా సంగటి యాడ?" అన్నాడొక రైతు, ఖాళీ బల్ల తడుముతూ. అక్క గరిటెతోనే బయటికొచ్చింది. "రేపట్నించి రావద్దని చెప్పు సారూ!" పెద్దోడు గోడ దగ్గరికి పోయి మూడో బొమ్మ మీద వేలు పెట్టాడు. "లేసినారు గదా సార్. నేను తప్పు చేసినానా?" కళ్లనిండా నీళ్లు. పెద్దవాళ్లొస్తే లేచి నిలబడే సీమలోనే పుట్టి పెరిగాను, నాకే తట్టలేదు. "తప్పు నాదక్కా. పెద్దోడు నేను నేర్పినట్టే చేశాడు" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

అక్క బొమ్మను చూసింది, నన్ను చూసింది. "అట్లయితే నెల గడువు ఆయప్పకు కాదు, నీకు. శానా చదువుకున్నావు గానీ, ముందు పోయి సంగటి వడ్డించు" అంది. పద్నాలుగు మందికీ మళ్లీ వడ్డించి, చెయ్యి కడిగితేనే విస్తరి ఎత్తాలని బొమ్మ మార్చాను.

పెద్దోడు ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నాడు. కొత్తగా చేరినవాళ్లకు అతనే నేర్పుతున్నాడు. నేను నెలకోసారి పోయి చూసొస్తుంటాను. లోకాన్నంతా మూడు బొమ్మల్లో ఇరికించిన ఆ కుర్ర మేధావిని తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. వాడి గడువు తీరిపోయిందని అక్క ఇంతవరకూ చెప్పలేదు.