ర్యాంకు పడిపోయిన రోజు

ఈ ఉదయం మా ఆఫీసు ప్రింటరు నుంచి కొత్త సర్వే ప్రశ్నపత్రాలు వెచ్చగా బయటికి వస్తున్నాయి. వేడి కాగితానికి ఒక వాసన ఉంటుంది, కాస్త మాడిన పిండి వాసన లాంటిది. మొదటి కాగితం చేతిలోకి తీసుకోగానే నాకు మా పాత అధికారి ఓబులరెడ్డి సారు గుర్తొచ్చారు. ఆయన ప్రశ్నపత్రాన్ని చల్లారనిచ్చేవారు కాదు. అట్లాగే మడిచి జేబులో పెట్టుకుని, "పదమ్మా, టీ అంగడికి" అనేవారు. ఇప్పుడు రిటైరై, సొంతూరు వేంపల్లెలో చీనీబత్తాయి తోట చూసుకుంటున్నారు. మా ఆఫీసు గోడ మీద జిల్లాకు మంచి ర్యాంకు తెచ్చిన అధికారుల ఫొటోలు ఉన్నాయి. ర్యాంకు పోగొట్టిన అధికారి ఫొటో ఎవరూ పెట్టరు. కొత్తగా చేరిన వాళ్లకు ఆయన పేరు కూడా తెలియదని నిన్న మాటల్లో తెలిసింది. ఆ ర్యాంకు ఎందుకు పోయిందో తెలిసినవాళ్లలో రాసే అలవాటున్నది నాకొక్కదానికే. అందుకే రాసిపెడుతున్నాను.

నాది కమలాపురం. డిగ్రీ మధ్యలోనే ఆగిపోయింది. పెళ్లయి కర్నూలు వచ్చాక గ్రంథాలయమే నా కాలేజీ అయింది. వారపత్రికలతో మొదలుపెట్టి, అర్థశాస్త్రం బీరువా దాకా నడిచి, చివరికి ఎవరూ ముట్టని గణాంకశాస్త్రం వరుస దగ్గర ఆగాను. అక్కడ తెలుగులో ఉన్నవన్నీ చదివేశాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సంకోచమేమీ లేదు. సర్వే పనికి కాంట్రాక్టు మీద మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసి వెళ్తే, ఓబులరెడ్డి సారే ఇంటర్వ్యూ చేశారు.

"సూచిక అంటే ఏందమ్మా?" అని అడిగారు.

నేరుగా కొలవలేని దాన్ని తెలుసుకోవడానికి, కొలవగలిగిన మరొకదాన్ని ఎంచుకుంటే అది సూచిక అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

ఆయన నవ్వారు. "బాగా చెప్తివి. మీ ఇంట్లో సేద్యం ఉండాదా?"

"ఉంది సార్."

"మీ నాయన మబ్బు చూసి ఇత్తనం ఏస్తాడా, నేల పదును చూసి ఏస్తాడా?"

"పదును చూసే సార్. మబ్బుదేముంది, వస్తుంది, పోతుంది."

"సూచికల్లో గూడా మబ్బులుంటాయి, పదునుంటాది. మనం ఏది పంపితే పైవాళ్లు దాన్ని బట్టే ఇత్తనం ఏస్తారు. అది గుర్తు పెట్టుకుంటే నీకు ఉద్యోగం ఇచ్చినట్టే."

దేశంలో ఇంటర్నెట్ ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు, ఎక్కడ టవర్లు కట్టాలి, ఎక్కడ శిక్షణ ఇవ్వాలి అన్న నిర్ణయాలకు మా లాంటి వాళ్లు ఇల్లిల్లూ తిరిగి అడిగిన ప్రశ్నలే ఆధారం. అందుకే ఆయన ప్రతి ప్రశ్ననూ ముందు ఆఫీసు ఎదుట మహబూబ్ బాషా టీ అంగట్లో పరీక్షకు పెట్టేవారు. అక్కడ కూర్చున్న వాళ్లను మా చేత అడిగించేవారు. ఎవరైనా "అంటే ఏంది?" అన్నారంటే ఆ ప్రశ్న తిరగరాయాల్సిందే. మమ్మల్ని చూడగానే బాషా, "రండప్పా రండి, సారు పరీచ్చ పెడతాడంట. పాసైనోల్లకు టీ" అని కేకేసేవాడు. "మీ ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందా?" అన్న ప్రశ్న అక్కడ అనాయాసంగా గెలిచింది. అందరూ జేబులు తట్టి చూపించారు.

ఆ ప్రశ్నతోనే డిజిటల్ సౌకర్యాల్లో మా జిల్లా ర్యాంకు ఎగబాకింది. దండలు వేశారు, పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. కొన్నాళ్లకు ఆ అంకెల్ని బట్టే ఒక ఉత్తర్వు వచ్చింది. దాదాపు ప్రతి ఇంటా ఫోన్ ఉన్న పల్లెల్లో డిజిటల్ శిక్షణ కేంద్రాలు మూసేసి, కంప్యూటర్లను వెనకబడిన జిల్లాలకు పంపాలని. వినడానికి న్యాయంగానే ఉంది. ఆ జాబితాలో ఆలూరు అవతలి పల్లె ఒకటుంది. అక్కడ ఆడవాళ్లకు నేర్పే టీచరు హుసేన్‌బీ మూడు బస్సులు మారి ఆఫీసుకు వచ్చింది.

"ఫోన్లు ఉండాయని మూస్తారంట. మా తాన నేర్చుకునే అక్కల చేతిలో నేను ఒక్క ఫోన్ గూడా చూడలేదు సార్. మీరు యాడ చూసినారు?" అంది.

సారు ఆ పల్లె ప్రశ్నపత్రాలు బయటికి తీయించారు. మరుసటి ఉదయం నన్ను వెంటబెట్టుకుని ఆ పల్లెకు బయలుదేరారు.

ఊరు సగం ఖాళీగా ఉంది. పంటల తర్వాత పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు వలస పోవడాన్ని అక్కడ సుగ్గి అంటారు. మగవాళ్లు, వయసువాళ్లు సుగ్గికి పోయారు. మొదటి ఇంట్లో ఉరుకుందమ్మ అనే ఆమె గడప దగ్గర కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది.

"ఫోన్ ఉందా అక్కా?" అని అడిగాను.

"ఉండాది."

"నొక్కేదా, పెద్దదా?"

"పెద్దదే. ఏలితో జరిపేది."

"ఒకసారి చూపిస్తావా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "యాడ సూపియ్యల్ల? అది గుంటూరులో ఉండాది."

"మరి ఉండాదంటివే?"

"మా దుడ్లు పెట్టి కొన్నది మాదే గదమ్మా. ఎనుము మేతకు పోయిందని మాకు ఎనుము లేదంటామా?"

సారు ఫక్కుమని నవ్వి ఆమె అరుగు మీదే చతికిలబడ్డారు. "నిజమే తల్లీ. మరి ఆ ఎనుము ఇంటికి ఎప్పుడొస్తాది?"

"ఉగాదికి మా ఆయప్ప వస్తాడు, ఆయప్పతో అదీ వస్తాది. ఊర్లో లేనోల్ల సొమ్మును లేదనగూడదు సార్, కీడు." ఆమె శెనక్కాయలు ఒలుస్తూనే అడిగింది. "నా పేరు నేనే కొట్టేది నేర్చుకుంటి. రేషన్ కార్డు సంగతి చూసుకునేది ఇంగ నేర్చుకోవాల. కంప్యూటర్లు ఎత్తకపోతారంటనే, మీరేనా?"

సారు నవ్వు ఆగిపోయింది. "చూస్తాను తల్లీ" అని మాత్రం అన్నారు.

ఆ వీధిలో ఏ ఇంటికి వెళ్లినా అదే జవాబు. అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూ, "మన టీ అంగట్లో ఎవరుంటారు సుభద్రా?" అని అడిగారు.

"మగవాళ్లు సార్."

"ఆడనే తప్పిపోతిమి."

అప్పుడు నేను గ్రంథాలయంలో చదివింది చెప్పాను. ఒక వస్తువు ఇంటికి ఉండటం వేరు, ఆ మనిషి దాన్ని వాడటం వేరు, సొంతంగా వాడగలగడం వేరు. మూడింటినీ విడివిడిగా అడగాలి. ఆయన నా వైపు తిరిగి, "ఇది ముందే చెప్పకపోతివేమ్మా?" అన్నారు. నన్ను ఎవరూ అడగలేదన్నాను. "అడగకున్నా చెప్పాల. ఆ పుస్తకం నాకూ తెచ్చియ్యి" అన్నారు. తెచ్చిచ్చాను. పెన్సిలుతో గీతలు పెట్టి తిరిగిచ్చారు. గ్రంథాలయం వాళ్లు నన్ను తిట్టారు.

కొత్త ప్రశ్నలు రాశాం. ఈసారి వాటిని వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లతో పరీక్షకు పెట్టాం. జాబితాలోని పల్లెలన్నింటికీ మళ్లీ వెళ్లాం. అంకెలు బాగా కిందికి దిగాయి. అవి పంపితే జిల్లా ర్యాంకు పడిపోతుందని అందరికీ తెలుసు. ఆఫీసులో ఒకాయన, "ఏం సార్, రిటైరై పోతాపోతా జిల్లాకు మంచి బహుమానమే ఇస్తాండారు" అని ఎత్తిపొడిచాడు. "నీకు దండ మిగలదని బాధనా అప్పా?" అన్నారు సారు. పై ఆఫీసు నుంచి ఫోన్ వస్తే నిలబడి మాట్లాడారు. "ర్యాంకు మనది సార్, తప్పు గూడా మనదే. దిద్దకుంటే వచ్చే పాలసీ ఈ తప్పు మీదనే నిలబడతాది" అన్నది మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది. ఫోన్ పెట్టేశాక చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆయన పింఛను కాగితాలకు ఏమవుతుందోనని మేమంతా భయపడ్డాం.

జవాబు కోసం ఎదురుచూసిన ఆ వారాల్లో హుసేన్‌బీ కంప్యూటర్లను అట్టపెట్టెల్లో సర్దమన్నా సర్దలేదు. పెట్టెలు దొరకలేదని చెబుతూ వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం కొత్త జాబితాలు వచ్చాయి. సారు కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "పడింది. శానా పడింది" అన్నారు. రెండో కాగితం తిప్పి, ఆలూరు అవతలి పల్లె పేరు మీద వేలు పెట్టి నాకు చూపించారు. కేంద్రం కొనసాగుతుంది. క్లాసులు సుగ్గి రోజుల్లో కూడా ఆగకూడదని అదనంగా ఒక వాక్యం ఉంది. ర్యాంకు పడితే అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న ఆఫీసును నేను మళ్లీ చూడలేదు. ఎత్తిపొడిచినాయనే అందరికీ టీ చెప్పాడు. మరో పల్లెలో కంప్యూటర్లు అప్పటికే తరలిపోయాయి, అవి తిరిగి రాలేదు. ఆ ఊరి పేరు తలచుకుంటే సారు ఇప్పటికీ మాట మారుస్తారు. పింఛను మాత్రం సకాలంలోనే వచ్చింది.

ఇప్పుడు ప్రశ్నలు రాసేది నేను. ఏ ప్రశ్న రాసినా, దీనికి జవాబు చెప్పాల్సిన మనిషి ఈ వేళ ఎక్కడుందో చూసుకుని, అక్కడికి వెళ్లి అడిగి వస్తాను. ఆయన దగ్గర నేర్చుకున్న పని అది. ఇంతా రాశాక కృతజ్ఞతలు చెప్పుకోవాలి. నన్ను పుస్తకాల నుంచి ఊళ్లలోకి నడిపించిన ఓబులరెడ్డి సారుకు. అన్ని పరీక్షలకూ చోటిచ్చిన మహబూబ్ బాషాకు. పెట్టెలు దొరకనివ్వని హుసేన్‌బీకి. గణాంకశాస్త్రం బీరువా తాళం నా కోసం విసుక్కోకుండా తీసిన గ్రంథాలయం శేషన్నకు. చివరగా ఉరుకుందమ్మకు. ఈ ఏడు ఆమె భర్త ఫోన్ ఇంట్లోనే వదిలి సుగ్గికి పోయాడు. అప్పుడప్పుడు పలకరిద్దామని చేస్తుంటాను. సాయంత్రం క్లాసు జరిగే వేళకు చేస్తే ఎత్తదు. అట్లా ఎత్తకపోతేనే నాకు నిమ్మళం.