ఏమీ లేని చోట్లకు పోయే పెద్దనాయన

మా పెద్దనాయన చనిపోయాడని పెనుకొండ నుంచి పోలీసాయన ఒకరు ఫోన్ చేసి చెప్పారు. కొండ వెనక కూలిపోయిన మంటపం దగ్గర, మేకలు కాసే ఆయనకు పొద్దున్నే కనిపించాడట. గుండె ఆగిందన్నారు ఆసుపత్రిలో. ధర్మవరం తెచ్చుకుని, ఆ సాయంత్రమే మట్టి చేశాం.

ఆయన అక్కడికి ఎందుకు పోయాడని మా వీధిలో ఎవరూ అడగలేదు. అమావాస్య నాడు మేం చీర నేయం. ఆ రోజు మిగతా మగవాళ్ళు సినిమాకో చుట్టాల ఇండ్లకో పోతే, ఆయన ఒక్కడే రైలో బస్సో ఎక్కి, ఎవరూ చూడబోని చోటు వెతుక్కుని పోయేవాడు. హిందూపురం రైల్లో తలుపు దగ్గర నిలబడి, ఎవరితోనూ మాట్లాడని ముసలాయన్ని మీరు చూసి ఉంటే, అది ఆయనే కావచ్చు.

వీధి మొదట్లో టీ అంగడాయన ఆటపట్టించేవాడు.

“ఏమప్పా, ఈ అమాసకు యాడికి?”

“పరిగి పక్కకు.”

“ఆడేముండాది?”

“ఏం లేదంట. సూసొస్తా.”

“ఏం లేందానికి చార్జీలు పెట్టుకోని పోయే మొగోన్ని నిన్నే సూసినా.”

మగ్గం గుంతలో కూర్చుంటే కంటి ముందు పట్టు, దాని వెనక గోడ. చెవుల్లో రోజంతా వీధి మగ్గాల చప్పుడు. అందుకే పోయేవాడని నేననుకుంటాను. ఆయన చెప్పలేదు. పెద్దమ్మ ఒకసారి తనూ వస్తానంటే, “వద్దులే, నువ్వు మాట్లాడతావు” అన్నాడు.

వచ్చాక మాత్రం నాతో నాలుగు మాటలు చెప్పేవాడు. ఆమడగూరు పక్క ఒక పల్లెలో సగం ఇండ్లకు తాళాలట, అంతా బెంగళూరుకు పోయారట. “సూరుకు కొడవలి చెక్కి పోయినార్రా. తుప్పు పట్టింది.” ఇంకోసారి హిందూపురం దగ్గర చిన్న స్టేషన్ గురించి: “బెంచీ మింద నేను, కింద కుక్క. రైలొస్తే కుక్క లేసింది. ఎవురూ దిగలే. మళ్ళ పండుకునె.” ఆ చోట్లకు నేను ఒక్కదానికీ పోలేదు. అయినా ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. నాకు అంత మేలు చేసిపోయాడు.

మట్టి చేసి వచ్చాక పెద్దమ్మ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

“ఆఖర్న నోట్లో నీళ్ళు పోసినోళ్ళుండారా?”

మా ఇండ్లలో పోయే మనిషి నోట్లో ఇంటివాళ్ళు నీళ్ళు పోస్తారు. అది దక్కకుండానే పోయాడేమోనని ఆమె దిగులు. “అది తెలిసేంతవరకు పెద్దదినం భోజనాల మాట నా కాడ ఎత్తద్దండి” అంది. వాళ్ళకు పిల్లలు లేరు. నేనే పెనుకొండ పోయాను.

మేకలాయన ఆ మంటపం దగ్గరే ఉన్నాడు.

“ముందురోజు సాయంత్రం సూసినాప్పా. ‘పొద్దు గుంకుతాంది, రా పోదాం’ అంటి. ‘నువ్వు పో, ఇంకొంచేపు కూచ్చుంటా’ అనె. తెల్లారి వచ్చేసరికి అట్లే గోడకానుకోని ఉండాడు. సల్లగైపోయిండె.”

నీళ్ళ మాట అడిగాను.

“పోసినా. సచ్చిపోయినాడని తెలుసు. అయినా చేత్తో పోసినా. లోపలికి పోలే, గడ్డం మిందికి కారిపాయ.” “ఉత్తగా ఇడ్సిపెట్టి ఎట్ల పోతాం?” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ గడపలోనే కూర్చుని ఉంది.

“పోసినారా?”

“పోసినారు పెద్దమ్మా.”

“పానం ఉండంగానా?”

అవునని చెప్పేయొచ్చు. ఆమె నా మొహం వైపే చూస్తోంది.

“లేదు. పోయినాక.”

ఆమె తలుపు పట్టుకుని లేచింది. తర్వాత, “ఆయప్పను దినానికి రమ్మను” అంది.

మేకలాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. మా మగ్గం ఒక్కటే ఆగి ఉంది, వీధిలో మిగతావన్నీ ఆడుతున్నాయి. “ఇంత సద్దులో ఎట్లుంటారప్పా” అన్నాడు నాతో. పెద్దమ్మ అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టింది. తినడం అయ్యాక, బయట బండ దగ్గర చెంబు పట్టుకుని తనే నిలబడింది. అతను కుడిచేయి చాపాడు. ఆమె పోసింది. ఎంగిలంతా పోయింది. “చాలమ్మా” అన్నాడు. ఆమె ఆపలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆ చేతి మీద సన్నగా పోస్తూనే ఉంది. అతను చేయి తీయలేదు.