ఒక చెంపకే రాసిన క్రీము

లాండ్రీలో మరకలు తీసే ఆవిణ్ణి అందరూ మరకలమ్మ అంటారు. అరవైకి దగ్గరపడిన ఆ మనిషి తాహతుకు మించిన ముడతల క్రీము కొన్నదని తెలిసి ఇస్త్రీ చేసే ఆవిడ పకపకా నవ్వింది.

"ఈ వయసులో ఎవరి కోసం వదినా ఈ సోకులు?"

"మా అమ్మ కోసం."

నవ్వు ఆగిపోయింది.

మతిమరుపు ముదిరిన ఆ తల్లికి కూతుళ్ళు పడుచువాళ్ళుగానే గుర్తుండిపోయారు. రోజూ ముద్దలు కలిపి పెట్టే చేతిని పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు? మీ ఇంటికి వెళ్ళవూ?" అంటుంది. ముఖానికి కాస్త పాత కళ వస్తే అమ్మ తనను గుర్తుపడుతుందని మరకలమ్మ ఆశ. పిచ్చి ఆశే. అయినా ఆశకు బుద్ధి చెప్పగలిగిన వాళ్ళెవరు?

క్రీము కొన్నది గానీ, వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది? కొత్త మందు ఏదైనా బట్టకు ఓ మూల వేసి చూడనిదే మిగతా చోట తాకించదు. ముఖానికీ అదే పద్ధతి పెట్టి ఎడమ చెంపకే రాస్తూ వచ్చింది. కొన్ని వారాలకు ఆ పక్క చర్మం నునుపుదేలింది, కంటి కొసన గీతలు పలచబడ్డాయి. అద్దంలో ఆ పక్క చూసుకుంటే ఎవరో బాగా తెలిసిన మనిషి కనబడింది.

ఆ సాయంత్రం తల్లికి ఎడమ చెంప కనిపించేలా మంచం పక్కన కూర్చుంది. ముసలామె తేరిపార చూసింది.

"పెద్దదానా! వచ్చావా తల్లీ?"

పెద్దది అంటే అక్క. ముప్ఫై నిండకుండానే జ్వరంతో పోయింది. అక్కచెల్లెళ్ళది ఒకే పోలిక.

"నేనమ్మా, చిన్నదాన్ని," అంటూ మరకలమ్మ ముఖం పూర్తిగా తిప్పింది. ముడతలు పడ్డ కుడి చెంప చూడగానే తల్లి బెదిరిపోయి చేయి లాక్కుంది.

"నువ్వెవరు? నా పెద్దది ఏదీ? దాన్నేం చేశావు?" అని ఏడుపు లంకించుకుంది.

ఆ ఏడుపు వినలేక ఆమె మళ్ళీ పక్కకు తిరిగింది. తల్లి శాంతించి ఎడమ చెంప నిమిరింది.

"ఇంత చల్లగా ఉన్నావేమే? ఒక్కదానివే వచ్చావేం? చెల్లి ఏదీ?"

అక్క గొంతు ఎలా ఉండేదో ఆమెకు గుర్తులేదు. తన గొంతుతోనే చెప్పింది.

"వెనకాల వస్తోందమ్మా."

"త్వరగా రమ్మనవే. దాన్ని చూసి ఎన్నాళ్ళయిందో."

తల్లి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. చిన్నది మెడ తిప్పకుండా ఆమె చేయి పట్టుకునే ఉంది.